నూకాలమ్మకు ఇచ్చిన పాలు

1947లో అనకాపల్లిలోని ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. నూకాలమ్మది మునగపాక. యాభై దాటిన మనిషి. మా వైపు ఆడవాళ్లు చాలామందిలాగే అడ్డచుట్ట కాల్చేది, అంటే నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని. అంగిట్లో పుండు లేచింది. క్యాన్సరని తేల్చి పట్నంలో ఒక విడత రేడియం పెట్టారు. రేడియం జబ్బుతో పాటు చుట్టూ ఉన్న మెత్తటి పొరనూ ఒరుస్తుంది. అలా వచ్చే నోటిపూతను మ్యూకోసైటిస్ అంటారు. వారం వారం వచ్చినప్పుడు నోరు కడగడం, బరువు చూడడం మా వంతు. తొంభై పౌన్లకు దిగితే రెండో విడత తట్టుకోలేదని, పెట్టబోమని పట్నం డాక్టరు ముందే చెప్పారు.

కారం, పులుపు, వేడి మానమన్నాను. పాలు, పలచటి గంజి, మాగిన అరటిపండు పెట్టమన్నాను. వచ్చినప్పుడు తొంభై ఏడు పౌన్లు. మరుసటి వారం తొంభై నాలుగు. నోరు ఇంకా ఎర్రబడింది.

"ఏటి తింతన్నావప్పా?" అన్నాను. మా వైపు అప్పంటే అక్క.

"నువ్వు సెప్పిందే నర్సమ్మా. పాలు, గంజి. ఉయ్యాలొకటే తక్కువ."

"మంట ఎప్పుడెక్కువ?"

"పాలు తాగినప్పుడే."

పాలకు మంటేమిటో నాకు బోధపడలేదు. గేదెపాలు మాన్పించి ఆవుపాలు పట్టించాను. చల్లార్చి ఇమ్మన్నాను. బరువు తొంభై రెండుకు దిగింది. చుట్ట మానలేదేమోనని అనుమానం వచ్చి అడిగాను.

"నోట్లో ఇంకా నిప్పెట్టుకోడానికి సోటేదమ్మా?" అంది.

చివరికి కోడలు పైడితల్లితో, ఇంట్లో ఇచ్చే పాలు ఇచ్చినట్టే చెంబుతో తెమ్మన్నాను. తెచ్చింది. ఒక గుక్క తాగితే నా గొంతే మండింది.

"ఇందులో ఏటేసేవు?"

"మిరియాలు, సొంటి. వట్టిపాలు తాగితే పుండు సీము పడతాది కదమ్మా. బాలింతలకైనా మేం అలాగే ఇత్తాం. మీరు పాలిమ్మన్నారు, వట్టివని అన్లేదు."

"మరి నువ్వైనా చెప్పలేదేం అప్పా?"

"జబ్బు మనిసికిచ్చే పాలంటే అవే గదా, సెప్పడానికేటుంది?" అంది నూకాలమ్మ. కోడలి కళ్లు నిండడం చూసి, "ఏడవకే. ఇసానికి డబ్బులు తగలెయ్యకండా ఇంట్లో దినుసుల్తోనే కానిచ్చేద్దామనుకున్నావు" అని వెక్కిరించింది. పైడితల్లికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

వట్టిపాలు మొదలుపెట్టాక బరువు నిలిచింది, తరవాత తొంభై ఐదుకు వచ్చింది. పూత తగ్గింది. పట్నం డాక్టరు రెండో విడతకు ఒప్పుకున్నారు. కారణం దొరికిందని నేను నిశ్చింతగా ఉన్నాను. బయలుదేరే రోజున పైడితల్లి నన్ను పక్కకు పిలిచింది.

"మిరియాలు మానేసిన్నాడే సుట్టలు కూడా లాగేసుకున్నానమ్మా. అప్పటిదాకా దొడ్లో దాక్కుని కాల్సేది. మీతో సెప్తే అత్త నన్ను తిడతాదని సెప్పలేదు."

నేను నేరుగా వెళ్లి నూకాలమ్మనే అడిగాను, ఇంతకీ ఏది మానితే తగ్గిందని.

"రెండూ ఒక్కనాడే లాగేసుకున్నారు. ఏది దొంగో నాకేటి తెలుసు?" అని బండెక్కి కూర్చుంది.

నాకూ తేలలేదు, నేటికీ తేలలేదు. కానీ ఆ తరవాత నోరు పూసిన ఏ మనిషినీ ఏం తింటున్నావని మాత్రమే అడిగి వదల్లేదు. గిన్నెతో తెమ్మనేదాన్ని, రుచి చూసేదాన్ని. ఒకేసారి రెండు మాన్పించవద్దని ఇంటివాళ్లకు మరీ మరీ చెప్పేదాన్ని. చుట్ట విషయంలో మాత్రం ఆ నియమం పెట్టుకోలేదు, దాన్ని మొదటి రోజే మాన్పించేదాన్ని.