సీరియల్ లింకు దగ్గర నేను చేసిన తప్పు

నాకు నెట్‌వర్కులు నేర్పిన మాస్టారు పోయారని మొన్న ఉదయం కాలేజీ స్టాఫ్‌రూములో తెలిసింది. అటెండరు ఆ మాట చెప్పి, ఖాళీ టీ గ్లాసులు ఏరుకుని వెళ్లాడు. మేము రెండు నిమిషాలు నిలబడి, మళ్లీ కూర్చుని పేపర్లు దిద్దుకున్నాం.

విజయనగరంలో ఆ కాలేజీలోనే నేను ఆయన దగ్గర చదువుకున్నాను. ఈరోజు తింటున్న తిండి ఆయన నేర్పిన చదువుదే.

"పొందూరులో ఆటో ఎక్కినావు. టేసన్‌కాడ దిగి రైలెక్కినావు. సీపురుపల్లిలో దిగినావు. బండి మారింది గానీ, నువ్వు మారినావేట్రా?" అనేవారు. ప్యాకెట్టు ఆ ప్రయాణికుడు, ఫ్రేము ఆ బండి, రౌటరు బండి మారే స్టేషను. రౌటరు వచ్చిన ఫ్రేమును విప్పేసి, లోపలి ప్యాకెట్టు ఎక్కడికి వెళ్లాలో చూసి, అవతలి లింకుకు తగిన కొత్త ఫ్రేములో పెట్టి పంపుతుంది. ఆయన చెబితే వెనక బెంచీవాడికి కూడా అర్థమయ్యేది.

గొంతుకు ఆపరేషను అయ్యాక ఆయనకు మాట పోయింది. యాజమాన్యం ఆయన్ని మాన్పించి ఆ క్లాసు నాకిచ్చింది. నేను ఒక్క మాట అడ్డు చెప్పలేదు. అప్పటికి రెండేళ్లుగా ఆ ఉద్యోగం కోసమే చూస్తున్నాను.

మొదటి నెలలోనే ఒకరోజు ఆయన వచ్చి వెనక కూర్చున్నారు. నేను బోర్డు మీద రెండు రౌటర్లను నేరుగా కలిపే సీరియల్ లింకు గీసి, దాని మీద కూడా కాలేజీ లోపలి లింకులకు వాడే ఈథర్‌నెట్ ఫ్రేమే వేశాను. ఆయన లేచి వచ్చి, అరచేత్తో దాన్ని తుడిచి, ఆ లింకుకు తగిన పీపీపీ ఫ్రేము వేశారు. పిల్లలు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"మాస్టారూ, ఇది నా క్లాసు. నోరు లేనోళ్లు ఇంటికాడ కూకోవాల," అన్నాను.

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు పిల్లలకు పీపీపీ ఫ్రేమే సరైనదని చెప్పాను. మాస్టారు దిద్దారని మాత్రం చెప్పలేదు. ఆయనిల్లు కాలేజీకి ఎదురు వీధిలోనే. ఆరు నెలలు అటు అడుగు పెట్టలేదు.

సమాధి చేసి అందరూ వెళ్లిపోయాక, నిన్న వాళ్లింటికి వెళ్లాను. మాస్టారి భార్యకు ఆనాటి సంగతి తెలియదు. ఆయన ఆమెకు రాసి చూపలేదు.

"పొద్దున్నే సొక్కా తొడుక్కుని గుమ్మంలో కూకునేవోరు బాబూ. ఏటని అడిగితే నీ పేరు రాసి సూపించేవోరు. 'ఆడికి ఇంకా కొంచెం సెప్పాల, పిలుస్తాడు' అని. ఓపాలైనా రానేకపోనావా?"

జరిగింది చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"కుదరలేదమ్మా," అన్నాను.

ఆమె తలూపి, గుమ్మంలో ఉన్న కుర్చీనే చీరకొంగుతో తుడిచి నాకు చూపించారు. కూర్చున్నాను. అక్కడి నుంచి కాలేజీ గేటు తిన్నగా కనిపిస్తోంది.