ఆపా ఒప్పుకోదు

ఈ మధ్య మంచి దిండు దొరకడం లేదు. చిన్న విషయమే, కానీ ఎవరో ఒకరు చెప్పాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన దిండు కొన్నాళ్ళు మబ్బులా ఉంటుంది, ఆ తర్వాత అప్పడంలా. దూది దిండు కుట్టించుకుందామంటే, మా గల్లీకి దూది ఏకడానికి వచ్చే ఆయన రావడం మానేశాడు. ఉన్నదాన్నే తిప్పి, మడిచి, నాలుగు దెబ్బలు వేసి పడుకుంటున్నాను. మా ఆయన చూసి చూసి, "దిండుకేమైంది, మంచిగనే ఉంది. దాని మీద పెట్టే తలకాయనే ఎవరికన్న సూపెట్టాలె" అన్నాడు.

ఆయన మాట నిజం. ఏళ్ళుగా నేనొక అబద్ధం మోస్తున్నాను. రెండు ముక్కల అబద్ధం. పలికినప్పుడు ఊపిరంత బరువు కూడా లేదు. ఇప్పుడు చూస్తే అదే నా మెడ కింద గట్టిగా తగులుతోంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంత మంచి ఏర్పాటు మళ్ళీ కుదరదు కనుక చెప్పేస్తున్నాను.

ఛత్రినాకలో మా బాపు స్టీలు సామాన్ల దుకాణం పైన, మొదటి అంతస్తులో, నాకూ షాహీన్ ఆపాకూ కలిపి ఒక లేడీస్ బ్యూటీ పార్లర్ ఉండేది. ఆపా అంటే అక్క. వయసులో నాకంటే చాలా పెద్దది. శుక్రవారం తప్ప రోజూ యాకుత్‌పురా నుంచి ఆటోలో వచ్చేది. పనంతా ఆమెదే. మెహందీ, పూలజడ, పట్టుచీర కుచ్చిళ్ళు, ఏదైనా ఆమె చెయ్యి పడితేనే అందం. నాకు వచ్చిన కాస్తా ఆమె నేర్పిందే. నేను ఎం.కాం. చదివాను కాబట్టి గల్లాపెట్టె పక్కన కూర్చునే అర్హత నాది. ఆ చదువు వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

మా పనిలో తిప్పలన్నీ ముహూర్తాలతోనే. చాలా రోజులు ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. శ్రావణంలో ఒక మంచిరోజు వచ్చిందంటే ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ ఒకే గంటకు ముస్తాబు కావాలి. అలాంటి ఒక రోజు పొద్దున్నే మల్లెమొగ్గల జడ అల్లి, తడిగుడ్డ కప్పి కూర్చున్నాం. పెళ్ళికూతురు రాలేదు. ఫోన్ చేస్తే, "వేరే పార్లర్ల అయిపోయిందక్కా" అంది. రెండు మూడు చోట్ల చెప్పి పెట్టుకుని, ఇంటికి దగ్గరున్నదానికి వెళ్ళిందట. ఆమె కోసం మేం వేరేవాళ్ళను వద్దనుకున్నాం. చివరికి ఆ జడను ఆపా మా పెద్ద అద్దానికి తొడిగింది. అద్దం చాలా బాగుంది.

ఆ రోజే నేను రూల్ పెట్టాను. పెళ్ళి ముస్తాబుకు సగం డబ్బు బయానా కింద ముందే కట్టాలి. రాకపోతే వాపసు లేదు. ఆపా పళ్ళ మధ్య పిన్నులు పట్టుకునే అంది: "బయానా తీస్కో బేటా, తప్పులేదు. గని సగమంటే మస్తయితది. మనిషిని చూసి తీస్కో." నేను సరేనని తలూపాను. బోర్డు మాత్రం నేననుకున్నట్టే రాయించాను.

బయానా తీసుకోవడం తప్పని ఇప్పటికీ అనలేను. మా పొద్దుకూ, మా చేతులకూ, మొగ్గలకూ ఖర్చుంటుంది. రానివాళ్ళ నష్టం వచ్చినవాళ్ళ మీద వేయలేం కదా. కానీ సగం? ఉన్నవాళ్ళకు సగం అంటే సగమే. లేనివాళ్ళకు సగం అంటే చిట్టీ ఎత్తడం. ఇది నాకు అప్పుడు తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడానికి కొంత చదువు కావాలి, అది నాకుంది.

మా బజారు పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పాతబస్తీలో ఏ దుకాణంలోనూ యజమాని ఉండడు. బేరం బిగుసుకోగానే కౌంటర్ వెనక ఉన్నాయన నొచ్చుకున్న ముఖం పెట్టి, "నాదేముందమ్మా, సేఠ్ ఒప్పుకోడు" అంటాడు. ఆయనే సేఠ్. కొనేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. ఇటు మొహమాటం ఉండదు, అటు కోపం ఉండదు. మా బాపు ఈ విద్యలో ఎంత ఆరితేరాడంటే, ఆయన పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన ఒకావిడ, "పాపం, ఆ సేఠ్ దగ్గర ఎన్నేండ్లు గుమాస్తా చేసిండో" అని కళ్ళు తుడుచుకుంది. లేని సేఠ్‌ను ఎంత తిట్టినా ఎవరికీ దెబ్బ తగలదు. ఆ పద్ధతిలో ఉన్న మర్యాద అదే. నేను ఉన్న మనిషిని సేఠ్‌ను చేశాను.

మా గల్లీకి పాలు పోసే యాదమ్మక్క తన కూతురు శిరీష పెళ్ళికి మా దగ్గర బయానా కట్టింది. వారంలో పెళ్ళనగా పెళ్ళికొడుకు తాత పోయాడు. మైల వచ్చింది, పెళ్ళి వాయిదా పడింది. కొత్తగా కుదిరిన ముహూర్తానికి మా దగ్గర ఖాళీ లేదు, అప్పటికే ఇంకెవరో చెప్పి పెట్టుకున్నారు. యాదమ్మక్క డబ్బు అడగడానికి వచ్చింది. వచ్చీ రాగానే అడగలేదు. మా పిల్లల సంగతి అడిగింది, ఎండ సంగతి చెప్పింది, కొంగుతో మా కుర్చీ చెయ్యి తుడిచింది. ఆ రోజు శుక్రవారం. ఆపా రాని రోజు.

"మేం రామనలే గద బిడ్డా. మైలొచ్చింది. సావు మన చేతులున్నదా?"

"నిజమే అక్కా."

"మరి పైసలు ఇయ్యరాదూ?"

ఇవ్వొచ్చు. ఇస్తాననే మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ అప్పుడే కొత్త కుర్చీ కొన్నాం, దాని కిస్తీ ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఇవ్వనని చెప్పి యాదమ్మక్క కళ్ళలో చెడ్డదాన్ని కావడం నాకు ఇష్టం లేదు. నాకు డబ్బూ కావాలి, మంచిపేరూ కావాలి.

"నాదేముందక్కా. నా చేతులుంటె ఇప్పుడే ఇస్తుంటి. ఆపా ఒప్పుకోదు."

"ఆపానా? గా నవ్వు మొకం ఆపానా?"

"రూల్ అంటే రూలే అంటది."

యాదమ్మక్క కుర్చీ తుడవడం ఆపింది. "మొన్న నా బిడ్డ చెయ్యి వట్టుకోని, ఎర్రగ పండుతది బేటీ, నీ అత్త నిన్ను మంచిగ సూసుకుంటది అన్నది. గామె లోపల గిట్లుంటదా?"

నేనేమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక పనే. బాగా చేశాను.

ఆపా పేరే ఎందుకు చెప్పాను? మా ఆయన పేరు చెప్పొచ్చు కదా, మా అత్త పేరు చెప్పొచ్చు కదా? చెబితే గల్లీవాళ్ళు వెళ్ళి అడుగుతారు. ఆపా ఉండేది యాకుత్‌పురాలో, అంత దూరం పోయి ఎవరూ అడగరు, పార్లర్‌లో ముఖం మీద అసలే అడగరు. కారణం ఇంతేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇంతేనా? ఆమె మా గల్లీ మనిషి కాదు, మా పండుగల మనిషి కాదు, ఆమె మీద ఒక చెడ్డమాట వేస్తే మావాళ్ళు రెండోసారి అడగకుండా నమ్ముతారన్న లెక్క నాలో ఎక్కడైనా ఉందా? ఉంది. రాయడానికి చెయ్యి ఆడటం లేదు, కానీ ఉంది.

పాలు ఏ ఏ ఇళ్ళకు పోతాయో ఆ మాట కూడా ఆ ఇళ్ళకు పోయింది.

శిరీషకు వాళ్ళ మేనత్తే జడ వేసింది. బరాత్ పోతుంటే మా కిటికీలోంచి చూశాను. పిల్ల ముచ్చటగా ఉంది. పార్లర్ లేకపోయినా పెళ్ళికూతుళ్ళు బాగానే ఉంటారన్నది మా వృత్తి రహస్యం. బయట చెప్పకండి.

మనసు ఆగక, ఆ తర్వాత నేనే యాదమ్మక్క ఇంటికి వెళ్ళి డబ్బంతా ఇచ్చేశాను. అక్కడితో నోరు మూసుకుని వచ్చి ఉంటే బాగుండేది. "ఎట్ల ఒప్పిచ్చినవ్ బిడ్డా ఆమెను?" అని అడిగింది. "మస్తు లొల్లి పెట్టుకున్న అక్కా" అన్నాను. చూశారా? తప్పు దిద్దుకోవడానికి వెళ్ళి దానికి నగిషీ చెక్కి వచ్చాను. మర్నాడు యాదమ్మక్క నాకు గిన్నెడు జున్ను పంపింది. ఆపా, నేను కలిసి తిన్నాం. "యాదమ్మ చెయ్యి మంచిది, ఇలాచీ మంచిగ పడ్డది" అని ఆపా గిన్నె అంచు వేలితో తుడిచి నాకింది. ఆ జున్ను నా గొంతు దిగలేదని రాయాలని ఉంది. దిగింది. రెండోసారి కూడా వేసుకున్నాను.

ఆ ఏడు బోనాల ముందు తేడా తెలిసింది. అంతకు ముందు ఆపా ముందు వరస కట్టే ఆడవాళ్ళు నా దగ్గరికొచ్చి, "నువ్వే పెట్టక్కా" అని చేతులు చాపారు. నా మెహందీ సంగతి నాకు తెలుసు. నేను నెమలి వేస్తే, కోడి బాగుందని మెచ్చుకునేవారు. ఆపా స్టూలు మీద కూర్చుని, ఎవరూ అడగని కోన్లు చుడుతూ ఉండేది. మాట్లాడించాలని చూసేది. వాళ్ళు ముక్తసరిగా జవాబిచ్చి ఫోన్లు చూసుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఆమె తన ఎడమ అరచేతి నిండా తనే మెహందీ వేసుకుని నా ముందు పెట్టింది.

"చూడు బేటా. నా లైన్ వంకర పోతున్నదా? సచ్ చెప్పు."

గీతలు వెంట్రుకంత సన్నంగా, వంకన్నది లేకుండా ఉన్నాయి. చెప్పాల్సింది అప్పుడే. నేను చెప్పింది వేరు. "ఒకసారి కండ్లు చూపిచ్చుకుందాం ఆపా."

బహదూర్‌పురాలో ఒక కళ్ళద్దాల దుకాణానికి నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. పరీక్ష చేసినాయన వయసుకు తగ్గట్టే ఉన్నాయి, పెద్ద తేడా లేదన్నాడు. అయినా అద్దాలు చేయించాను. ఫ్రేమ్ నేనే ఎంచాను. ఆమె వద్దంటున్నా వినలేదు. దుకాణం మెట్ల మీద ఆమె నా తల మీద చెయ్యి పెట్టి దువా చేసింది. ఆ అద్దాలు పెట్టుకుని ఫోన్‌లో కొత్త డిజైన్లు చూసి, ఆ వయసులో, చిన్నపిల్లలా కాగితం మీద గీసి గీసి నేర్చుకుంది. అయినా ఎవరూ ఆమె ముందు చెయ్యి చాపలేదు. వాళ్ళ కోపం గీత మీద కాదు కదా.

కొన్నాళ్ళకు, "నా చెయ్యి అయిపోయింది బేటా, నువ్వు నడిపిచ్చుకో" అని వెళ్ళిపోయింది. ఆటో ఎక్కిస్తే, కొంగుతో నా ముఖం తుడిచి ఎక్కింది.

యాదమ్మక్క డబ్బు తిరిగి ఇవ్వగలిగాను. ఇది ఎలా ఇవ్వాలి? ఎందరో పెళ్ళికూతుళ్ళను సింగారించిన మనిషి, తన చెయ్యి పాడైందని నమ్మి ఇంట్లో కూర్చుంది. ఆ చెయ్యి బాగానే ఉందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఛత్రినాకలో పార్లర్ ఇప్పటికీ నడుస్తోంది. బయానా తక్కువే తీసుకుంటాను. చావో జబ్బో వస్తే వాపసు ఇస్తాను. మనిషిని చూసి తీసుకుంటాను. అందరూ మెచ్చుకుంటారు. "గా ఆపా ఉన్నప్పుడు గిట్ల లేకుండె" అంటారు. ఆమె చెప్పిన మాట మీద దుకాణం నడిపిస్తూ, ఆమెకు తిట్లు, నాకు పొగడ్తలు పంచుతున్నాను.

పోయిన వారం యాకుత్‌పురా వెళ్ళాను. స్టేషన్ వెనక గల్లీలో, ఆపా గుమ్మంలో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. "క్యా బేటా, గింత చిక్కినవ్? తింటలేవా?" అంది. కూర్చోకముందే మొదలుపెట్టాను. మా బాపు, బజారు పద్ధతి, కుర్చీ కిస్తీ, అన్నీ వరసగా, ఎంతో బాగా చెప్పుకొచ్చాను. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి పక్కనే రైలు హోరుమంటూ పోయింది.

"ఏమన్నవ్? వినపడలే. మళ్ళ చెప్పు."

రెండోసారికి అలంకారాలన్నీ రాలిపోయాయి. "యాదమ్మక్కకు పైసలియ్యనన్నది నేను ఆపా. నువ్వన్నవని చెప్పిన. గల్లీ అంత గదే నమ్మింది. అందుకే నీ దగ్గరికి రాలే. నీ చెయ్యి ఎన్నడు ఖరాబ్ కాలే."

ఆమె వేళ్ళు ఆగాయి. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఇచ్చేస్తుందేమోనని భయం. కానీ నిజం చెప్తున్నాను, ఆ మాట బయటపడగానే నా భుజాలు దిగాయి. సిగ్గుపడాల్సినంత తేలికైంది. కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, సమయానికి.

ఆపా వాటిని చూసింది. చింతపండు చేతిని కొంగుకు తుడుచుకుంది.

"నాకెందుకు చెప్తున్నవే? నేననలేదని నాకెర్కనే. పోయి ఛత్రినాకల చెప్పు."