రాయమల్లు బేరమాడని రేడియో

బెల్లంపల్లి బొగ్గుగనుల కాలనీలో ఎవరు ఏం కొనాలన్నా ముందు రాయమల్లు గడప తొక్కేవారు. చింతపండు ఏ నెలలో అగ్గువకు దొరుకుతుంది, ఎండుమిర్చి ఎప్పుడు ధర ఎక్కి పిరమవుతుంది, ఎడ్ల అంగడికి ఎప్పుడు పోవాలి, అన్నీ ఆయన నాలుక మీదే ఉండేవి. గొంగడి ఎండకాలంలో కొనాలి, గొడుగు చలికాలంలో కొనాలి. "సామాను కాదు, నెలను బేరం చెయ్యాలె" అని ఆయన మాట. ఆ గొడుగు కోసం ఒక వానకాలమంతా తడిసి, నెల రోజులు దగ్గిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

భార్య సారక్కకు ఈ లెక్కలంటే ఒళ్లు మంట. నన్ను కూడా ఏ మూఢంలోనో అగ్గువకు చూసి తెచ్చుకున్నావని దెప్పేది. ఆమె అడిగింది ఒక్కటే, రేడియో. పక్క వరుసలో ఒక ఇంట్లోకి రేడియో వచ్చిన నాటి నుంచి ఆమె ప్రాణం దాని మీదే ఉంది. పొద్దుగూకితే ఆ ఇంటి గోడకు ఆనుకుని నిలబడి పాటలు వినేది.

రాయమల్లు కాదనలేదు. నెల రానీయమన్నాడు. దసరాకు బోనస్ చేతిలో పడగానే కాలనీ అంతా అంగళ్ల మీద పడుతుంది, అప్పుడు కొనేవాడు పిచ్చివాడు. వానకాలంలో కొంటే ఉరుముల గరగర తప్ప పాట వినబడదు. దీపావళి వెళ్లాక, అమ్ముడుపోని డబ్బాలు సేటు మొహం చూస్తుంటాయే, అదీ సమయం. మొదటి ఏడు కార్తికంలో పోతే ఒక్క డబ్బా మిగల్లేదు. మరుసటి ఏడు యుద్ధమని సరుకే రాలేదు. ఆ తర్వాత చేతిలో పట్టుకు తిరిగే చిన్న రేడియోలు వస్తున్నాయన్నారు, అవి వస్తే పెద్దవాటి ధర పడుతుందని ఆగాడు. అలా ఆగి ఆగి ఏడేళ్లు గడిచాయి. నిదానమే ప్రధానం అన్న సామెత పట్టుకున్నవాడు, ఆలస్యం అమృతం విషం అన్నదాన్ని వదిలేశాడు. ఇంకేం చెప్పాలి.

ఆ ఏడేళ్లూ ఆయన పని ఆయన చెవులను తింటూనే ఉంది. గనిలో బొగ్గుకు మందు కూరి పేల్చడం ఆయన పని. పేల్చి, పొగ విడిచాక, ముందు తానే లోపలికి పోవాలి. ఎడమ అరచేయి పైకప్పుకు ఆనించి, కుడిచేత్తో ఇనుప కడ్డీ పెట్టి కొట్టాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. పట్టు విడిచిన కప్పు డొల్లగా మోగుతుంది. ఖంగుమంటేనే వెనక్కి చూసి "రా" అనాలి. ఆ మాట విన్నాకే బొగ్గు నింపేవాడు తట్ట పట్టుకుని కప్పు కిందికి వస్తాడు. ఆ వచ్చేవాడు ఎవరో కాదు, సారక్క తమ్ముడు ఎల్లేశం. ఆరేళ్లుగా బావ "రా" అంటే వచ్చాడు, బతికి ఇంటికి పోయాడు.

మొదట చిమ్మెటల రొద వినబడకుండా పోయింది. తర్వాత వెనక నుంచి పిలిచే పిలుపు పోయింది. రాయమల్లు మనుషుల పెదవులు చూడటం నేర్చుకున్నాడు. గనిలో ఎట్లాగూ అందరూ అరిచే మాట్లాడతారు, ఎవరికీ అనుమానం రాలేదు. కడ్డీ మోత తగ్గినకొద్దీ అరచేయి మీద భారం వేశాడు. గట్టి కప్పు అదురు వేరు, డొల్ల కప్పు అదురు వేరు, చేతికి తెలుస్తుందని తనకు తాను చెప్పుకున్నాడు. కంపెనీ డాక్టరుకు తెలిస్తే పనికిరావని రాసేస్తాడని ఒక భయం. తాను చెవిటివాడినని ఒప్పుకోవడం అంతకన్నా పెద్ద భయం.

ఆ ఏడో ఏడు కార్తికంలో, రేడియో కొనడానికి పోయే నాలుగు రోజుల ముందు, కప్పు కూలకుండా పోటు పెట్టిన కర్ర దిమ్మె ఒకటి చిటపటమని ఏడ్చింది. దిమ్మె ఏడిస్తే కప్పు దిగుతున్నట్టే. రాయమల్లు దాని కిందే నిలబడి ఉన్నాడు, కదల్లేదు. ఎల్లేశం రెక్క పట్టి ఇవతలికి గుంజాడు. విన్నాను, చూస్తున్నాను అన్నాడు రాయమల్లు. ఎల్లేశం నమ్మాడు. బావ కదా.

వారపు సెలవు రోజున ముగ్గురూ రైలెక్కి మంచిర్యాల పోయారు. సారక్క పట్టుచీర కట్టింది. అంగడిలో పెద్ద కర్రపెట్టె రేడియోలు మూడు మిగిలి ఉన్నాయి. సేటు తానుగా ధర దించాడు. రాయమల్లు ఇంకొంత దింపించి, చూశావా అన్నట్టు సారక్క వైపు చూశాడు. ఏడేళ్లకు ఆయన నెల వచ్చింది.

సేటు మీట తిప్పాడు. లోపల దీపం ఎర్రగా వెలిగింది. డబ్బా వేడెక్కాలి, అర నిమిషం పడుతుందన్నాడు. రాయమల్లు చేతులు కట్టుకుని డబ్బా వైపే చూస్తూ నిలబడ్డాడు. అర నిమిషం అయింది. ఇంకా అయింది. ఏదో తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నటి జుమ్ముమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏం సేటూ, ఇంకా వేడెక్కలేదా?" అన్నాడు.

రాయమల్లు తల తిప్పి చూశాడు. సారక్క కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పెదవులు పాటతో పాటు కదులుతున్నాయి. ఆయన మాట విని అవి ఆగిపోయాయి. సేటు నవ్వాలా వద్దా అన్నట్టు చూశాడు. అంగడి ముందు ఇద్దరు దారినపోయేవాళ్లు ఆగి తలలూపుతున్నారు.

పాట వస్తూనే ఉందని, తనకే వినబడటం లేదని రాయమల్లుకు అర్థమైంది. అయినా నోరు ఆగలేదు. చప్పుడు తక్కువున్నదని, డబ్బా మంచిది కాదని, పెంచమని అన్నాడు. సేటు మీట చివరిదాకా తిప్పాడు. సారక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఎల్లేశం మూసుకోలేదు. బావ మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు, నాలుగు రోజుల కిందటి దిమ్మె ఏడుపు అతని కళ్లలో కనబడింది.

డబ్బా వద్దని రాయమల్లు బయటికి నడిచాడు. తిరుగు రైలులో ఎల్లేశం కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక సారక్క ఆయన ఎదురుగా కూర్చుని, పెదవులు బాగా కదిలిస్తూ ఒక్క మాట అడిగింది.

"నా తమ్మునికి రేపు ఎవలు చెప్తరు, రా అని?"

రాయమల్లు కంచంలో చేయి కడుక్కుని లేచాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ కునుకు పట్టలేదు.

తెల్లారి ఎల్లేశం డాక్టరు దగ్గరికి పోలేదు, పైవాళ్లకు చెప్పలేదు. ఎప్పటిలాగే తలదీపం తీసుకుని బావ వెనక గనిలోకి దిగాడు. అదే రాయమల్లును లోపల కోసింది. తిడితే బాగుండేది. మందు పేలింది, పొగ విడిచింది. రాయమల్లు లోపలికి పోయి అరచేయి కప్పుకు ఆనించి కడ్డీతో కొట్టాడు. చేతికి అదురు తెలిసింది. ఇంకోసారి కొట్టాడు. గట్టిదే అనిపించింది. మూడోసారి కొడితే డొల్లదేమో అనిపించింది. తన చేతిని తానే నమ్మలేకపోయాడు. ఇన్నాళ్లూ ఎట్లా నమ్మాడో అర్థం కాలేదు.

వెనక్కి చూశాడు. పది అడుగుల దూరంలో ఎల్లేశం తట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెమటతో మొహం మెరుస్తోంది. అన్నీ తెలిసి కూడా నిలబడ్డాడు. బావ "రా" అంటే వస్తాడు. మాట రాయమల్లు గొంతు దాకా వచ్చింది. ఆరేళ్లుగా అలవాటైన ఒక్క అక్షరం. అది బయటికి రాలేదు.

"నాకు వినవస్తలేదు ఎల్లేశం," అన్నాడు. కడ్డీ ముందుకు చాపాడు. "నువ్వు కొట్టు. విని చెప్పు."

ఎల్లేశం తట్ట దించి కడ్డీ అందుకున్నాడు. కప్పు అంచున నిలబడి, చేయి చాపి కొట్టాడు. కొట్టి, తల అడ్డంగా ఊపాడు. బావ ఛాతీ మీద చేయి వేసి వెనక్కి నెట్టుకుంటూ ఇవతలికి తెచ్చాడు. డొల్ల. ఆ పూట అక్కడికి ఎవరినీ పోనీయకుండా అడ్డకర్రలు కట్టారు.

రాయమల్లు పైకి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా డాక్టరు ముందు నిలబడ్డాడు. గని లోపలికి పనికిరాడని రాశారు. గని పైన దీపాలు ఇచ్చే గదిలో కూర్చోమన్నారు. పది రోజులకు ఆయన ఒక్కడే మంచిర్యాల పోయాడు. అగ్గువ డబ్బాలు మూడూ అమ్ముడుపోయాయని, కొత్తగా వచ్చినవి పిరమని సేటు చెప్పాడు. రాయమల్లు బేరమాడలేదు. సేటే తెల్లబోయి, తానుగా కొంత తగ్గించబోతే వద్దన్నాడు. రేడియో కొనే నెల ఎప్పుడో దాటిపోయిందని ఆ పూటకు ఆయనకు తెలిసింది.

సాయంత్రం ఇంట్లో డబ్బా పెట్టారు. కాలనీవాళ్లు వచ్చి చూసి పోయాక ముగ్గురే మిగిలారు. సారక్క మీట తిప్పి దూరంగా కూర్చుంది. రాయమల్లు పీట జరుపుకుని దగ్గరికి వచ్చాడు. ఎడమ అరచేయి ఎత్తి, గనిలో పైకప్పుకు ఆనించినట్టే, పెట్టె మీద ఆనించాడు. కర్ర సన్నగా అదురుతోంది. ఆయన మొహం విప్పారింది.

"ఆడమనిషి పాడుతున్నది గదా?" అన్నాడు.

డబ్బాలో ఎవరో మగమనిషి ఊరూరి మార్కెట్ ధరలు చదువుతున్నాడు. చింతపండు ఇంత, ఎండుమిర్చి ఇంత అని. ఎల్లేశం తల దించుకున్నాడు. సారక్క కొంగుతో మూతి తుడుచుకుని, ఆయనకు పెదవులు కనబడేటట్టు ముందుకు వంగింది.

"అవును," అంది. "మస్తు పాడుతున్నది."

రాయమల్లు తలూపి, చేయి తీయకుండా అట్లాగే కూర్చున్నాడు.