కడపకు పోయిన నాపరాళ్ల కొలతలు

ఈ పొద్దు బీరువా సర్దుతుంటే పాత మోడెం దొరికింది. ఫోను తీగలో ఫైలు పోయేటప్పుడు అది చేసే కీచు చప్పుడు మీకూ గుర్తుందా?

ఆ రోజు బేతంచెర్లలోని మా పాలిష్ ఫ్యాక్టరీ నుంచి నాపరాళ్ల లారీ బయలుదేరింది. అది చేరేలోగా కొలతల ఫైలు కడపలో ఆ రాళ్లు కొన్న అంగడికి అందకపోతే, కంప్యూటర్ కొందామని పట్టుబట్టిన నాకే మాట వస్తుంది. ఇంటి నుంచి నేను పంపుతున్న ఫైలు రెండుసార్లు సగంలోనే ఆగిపోయింది. చూస్తే, లోపలి గదిలో మామగారు అదే లైనుకున్న రెండో ఫోను ఎత్తుతున్నారు!

"మామా, ఫైలు పోయేదాకా దాన్ని ముట్టొద్దండి" అని గట్టిగానే చెప్పాను. ఆయనకు అంతవరకు ఎవరూ అడ్డు చెప్పింది లేదు.

మూడోసారి ఆయనే ఫోనుకు కాపలా కూర్చున్నారు. ఫోను చేసుకుందామని వచ్చిన పక్కింటాయనతో, "ఉండప్పా, మా కోడలు కడపకు ఫైలు పంపిస్తాండాది" అన్నారు.

ఒక్క అంకె కూడా తప్పు పోకుండా ఫైలు చేరింది. అప్పటికి లారీ బనగానపల్లె కూడా దాటలేదు.