పేర్లు మూడు, డిస్కు ఒకటే

మా చిన్న తమ్ముడు మొన్న గురువారం పోయాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర లారీ ఈడ్చుకుపోయింది. ముఖం చూడొద్దన్నారు. చూశాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నేను ఉన్నది చెబుతాను. వాడికి మాట కంటే చెయ్యి ముందు లేచేది. అన్నం పళ్లెం గోడకేసి కొట్టేవాడు, తలుపు గుద్ది వేళ్లు పగలగొట్టుకునేవాడు. ఆ తర్వాత నా పూజగది గడప మీద కూచుని, "తిట్టక్కా" అనేవాడు. తిట్టేదాన్ని కాదు. దెబ్బ మీద పసుపు అద్దేదాన్ని.

నాచారంలో ఒక ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ చూసేవాడు. మెమొరీ నిండితే ఆ యంత్రం కొన్ని పేజీలను డిస్కు మీదికి దించుకుంటుందట, కావాల్సినప్పుడు మళ్లీ ఎక్కించుకుంటుందట.

"ఆ పేజీలు దించుకునే చోట్లను పేజింగ్ డేటాసెట్లంటారు, అవి ఒక్కోటి ఒక్కో డిస్కు మీద ఉండాలక్కా. అన్నీ ఒకేచోట పెడితే కొట్టుకు చస్తాయి."

"మీ అన్నదమ్ముల్లాగా," అన్నాను. నవ్వాడు.

ఉద్యమం రోజులవి. ఆఫీసులో టీ కూడా ఆంధ్రావాళ్లు ఓ పక్క, తెలంగాణవాళ్లు ఓ పక్క తాగేవారు. మేం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. అప్పుడే కొత్త డిస్కుల పెట్టె వచ్చింది. తమ్ముడు మూడు డేటాసెట్లను మూడు పేర్లున్న డిస్కుల మీద సర్దాడు. మర్నాటికి యంత్రం నత్తనడక పట్టింది. బోడుప్పల్ మనిషి, తెలంగాణవాడు ఒకతను అక్కడ ఆపరేటర్. అతనే ఏదో కదిపాడని వీడు పైవాళ్లకు రాసిచ్చేశాడు. ఇదేంటని అతను అడగడానికి వస్తే వీడు మొహం మీద గుద్దాడు. కనుబొమ చిట్లి కీబోర్డంతా రక్తం.

"కొట్టుడు ఆపి జర సూడన్నా," అన్నాడట అతను. "పెట్టె బిగించేటప్పుడు నేనున్న. పేర్లు మూడే గని, లోపల డిస్కు ఒక్కటే."

నిజమేనట. ఆ పెట్టె ఒక్క డిస్కునే మూడు పేర్లతో చూపిస్తుందట.

తమ్ముడు వచ్చి గడప మీద కూచున్నాడు. చేతికి అతని రక్తం ఇంకా ఉంది.

"అతని ఉద్యోగం తీసేస్తున్నారక్కా."

"రాసింది నువ్వు. వెళ్లి ఆ రాత కొట్టెయ్."

"బంద్. బయట రాళ్లు పడుతున్నాయి."

"పడనీ."

ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచి వెళ్లాడు. దారిలో రాయి తగిలి తల పగిలింది. అలాగే వెళ్లి, తప్పు తనదేనని రాసిచ్చాడు. ఆపరేటర్ ఉద్యోగం నిలిచింది. వీడికి ప్రమోషన్ మళ్లీ రాలేదు. ఆ నడక నడిపించినందుకు దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఆ తర్వాత వాడు మనిషి మీద చెయ్యెత్తగా చూడలేదు. గోడలను మాత్రం వదల్లేదు.

శుక్రవారం పాడె లేపే వేళకు ఆపరేటర్ వచ్చాడు. ముందు నా దగ్గరకే వచ్చాడు.

"నేను మాఫ్ జెయ్యలే అక్కా," అన్నాడు. "గని మోస్త."

మోసేవాళ్లలో అతనే పొట్టి. పాడె కొమ్ము భుజానికి అందక, వీధి మలుపు తిరిగేదాకా మునివేళ్ల మీద నడిచాడు.