అత్తగారు నడిపిన పడవ

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను సోఫాలో కాస్త నడుం వాల్చానో లేదో, పదేళ్ళ మా మనవరాలు చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. చాలాకాలంగా అది ఆడుకుంటున్న ఒక ఆటను, ఆ ఆట తయారుచేసిన కంపెనీవాళ్ళు ఆపేశారట. అందులో అది కట్టుకున్న ఇల్లు, పెంచుకున్న తోట, తోటలో కుందేళ్ళకి పెట్టుకున్న పేర్లు, అన్నీ ఒక్క పూటలో మాయమైపోయాయట.

"బట్ ఐ బాట్ ఇట్, అమ్మమ్మా! నా బర్త్‌డే మనీతో కొన్నాను. వాళ్ళు ఎలా తీసేస్తారు? ఇట్స్ మైన్ కదా?"

వంటింట్లోంచి మా అమ్మాయి, నువ్వు కొన్నది ఆట కాదమ్మా, ఆడుకోవడానికి పర్మిషన్ మాత్రమే, అది వాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు అని విడమరిచి చెప్పింది. మనవరాలికి అది అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు. కానీ దాని తల నిమురుతూ కూర్చున్న నాకు, సుమారు నలభై ఏళ్ళ క్రితం అమెరికాలో ఇదే అరోరా ఊళ్ళో, తెల్లచీర మీద మావారి ఉన్ని స్వెట్టరు తొడుక్కుని కార్పెట్ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మా అత్తగారు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆవిడ అదే ప్రశ్నని తలకిందులు చేసి అడిగారు. "ఏమే, ఈ డబ్బా నిజంగా మనదేనా? ఎవరూ వచ్చి ఇచ్చెయ్యమనరు కదా?"

డెబ్బైల చివర్లో ఈ దేశానికి వచ్చిన నా ఈడు వాళ్ళకి నేను ఆ రోజుల సంగతి పెద్దగా చెప్పనక్కరలేదు. అప్పటికి మా చుట్టుపక్కల గుడి లేదు, మన కూరగాయలమ్మే కొట్టు లేదు, తెలుగు మాట వినాలంటే కారు వేసుకుని ఎవరింటికైనా పోవాలి, ఆ కారు నడపడం నాకింకా రాదు. మావారు టెలిఫోన్ పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరు. పొద్దున్నే చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. ఎనభైల మొదట్లో మేము చిన్న ఇల్లు కొనుక్కున్నాం. అందులో ఒక గదికి మావారు స్వయంగా నిచ్చెనెక్కి లేత పసుపు రంగు వేశారు, నాకు నెలలు నిండుతున్నాయని. ఆ శరదృతువులో, చెట్ల ఆకులన్నీ రాలిపోయే వేళకి, బిడ్డ కడుపులోనే పోయింది.

పురిటికి సాయం కోసం అత్తగారికి టిక్కెట్టు అప్పటికే కొని ఉంది. మావారు ఫోన్ చేసి సంగతి చెప్పి, ఇప్పుడు రావాలో వద్దో నీ ఇష్టం అమ్మా అంటే, ఆవిడ వస్తాననే అన్నారు. వచ్చారు. పెట్టెలోంచి ఆవకాయ, కందిపొడి తీసి అలమరలో సర్దారుగాని, అడుగున ఉన్న పాతచీరల పక్కగుడ్డల మూటనీ, వెండి ఉగ్గుగిన్నెనీ మాత్రం బయటికి తీయకుండానే పెట్టె మూసి మంచం కిందికి తోసేశారు. నేను చూశాను. నేను చూడటం ఆవిడా చూశారు. ఆవిడకి పడక వేయడానికి వేరే గది లేదు కనక ఆ పసుపు రంగు గదే ఇచ్చాం.

ఆ తరవాత ఇద్దరం ఒకే ఇంట్లో పగలంతా ఉండేవాళ్ళం గాని, మా మధ్య మాట పుట్టేది కాదు. కూర ఏం చెయ్యమంటారు, ఏదో ఒకటి చెయ్యి, కాఫీ ఇమ్మంటారా, ఇప్పుడొద్దు, అంతే. ఆవిడ మంచి మనిషే. నాకూ ఆవిడంటే గౌరవమే. కానీ అడగాల్సిన మాట ఆవిడ అడగలేకపోయారు, చెప్పాల్సిన మాట నేను చెప్పలేకపోయాను. బయట మంచు కురుస్తుంటే లోపల ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ మోత తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. అది భరించలేకే కాబోలు, థాంక్స్‌గివింగ్ పండగ మర్నాటి సేల్‌లో మావారు ఒక వీడియో గేమ్ పెట్టె కొనుక్కొచ్చారు.

ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గాని, దాన్ని టీవీకి తగిలించడమే ఒక యజ్ఞం. కొయ్య బీరువాలాంటి టీవీని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగి, వెనకాల యాంటెన్నా తీగలు విప్పి, మధ్యలో ఒక చిన్న డబ్బా బిగించి, మూడో ఛానెల్ పెట్టి, బొమ్మ వణక్కుండా నిలిచేదాకా తిప్పలు పడాలి. అరచెయ్యంత క్యాసెట్టును పెట్టె నెత్తిన గుచ్చితే ఆట మొదలవుతుంది. క్యాసెట్టు అట్టమీద రాకెట్టూ, నిప్పులు కక్కే ఉల్కలూ, అద్దాల టోపీ పెట్టుకున్న వ్యోమగామీ బ్రహ్మాండమైన బొమ్మ. తీరా తెరమీద చూస్తే ఒక పచ్చటి పలక, దానిమీద నాలుగు చుక్కలు, పైనుంచి కిందికి జారే కొన్ని చతురస్రాలు. అదే రాకెట్టు, అవే ఉల్కలు. మనమే అనుకోవాలి.

మొదట్లో అత్తగారు దాని దరిదాపులకి రాలేదు. కరెంటు వస్తువు, ఏమవుతుందోనని భయం. ఒక మధ్యాహ్నం నేను ఊరికే ఆడుతుంటే వెనకాల కుర్చీలో కూర్చుని చూస్తూ చూస్తూ మెల్లిగా జరిగి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆట నడిపే జాయ్‌స్టిక్ కర్ర ఆవిడ చేతికిచ్చాను. పప్పుగుత్తి పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుని, ఎడమవైపు ఒంచి, తెరమీద పచ్చటి పలక ఎడమకి కదలడం చూసి, చెయ్యి కాలినట్టు వదిలేశారు.

"ఇదేమిటే అమ్మాయ్! నా చెయ్యి ఎటు ఒంచితే అదీ అటే పోతోంది!"

ఆవిడ ముఖం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సినిమా హాల్లో తెరని, ఇక్కడికొచ్చాక టీవీని, చాలానే చూశారు. కానీ తెరమీదిది మన మాట వింటుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. అవతలివాళ్ళు చూపించింది మనం చూడాలి, వాళ్ళు తెర దించితే లేచి ఇంటికి పోవాలి, అంతవరకే ఆవిడకి తెలిసిన లోకం. అందుకే నమ్మలేక అడిగారు, ఇది మనదేనా అని. మనదేనండీ, ఎంతసేపు ఆడినా ఎవరూ ఏమీ అనరు అన్నాను. అయితే మనం పడుకున్నాక లోపల ఈ పడవ ఏం చేస్తుంది అన్నారు.

పడవ! మావారు ఆ సాయంత్రం అది రాకెట్టమ్మా, ఆకాశంలో పోతోంది అని అట్టమీది బొమ్మ చూపించి ఎంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు అవతలి లంకలోని మేనత్త ఇంటికి పడవ మీదే వెళ్ళేవారట. వరదకి కొట్టుకొచ్చే దుంగలు తగలకుండా సరంగు గెడ వేసి పడవని ఎలా తప్పించేవాడో చెబుతూ కర్ర తిప్పేవారు. ఆ పలకమీద ఉన్న నాలుగు చుక్కలు నలుగురు మనుషులు. వాళ్ళని క్షేమంగా ఒడ్డుకి చేర్చాలి. ఒకరోజు ఆవిడ ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తున్న నాకు నల్లటి తెరమీద నిజంగానే నీళ్ళు కనపడటం మొదలైంది.

ఒక్కో ఆటకి మూడు పడవలుండేవి. ఒకటి పగిలితే రెండోది, అదీ పగిలితే మూడోది. డిసెంబరులో ఒకనాడు, తలుపు తీయలేనంత మంచు పడింది, అత్తగారు మొదటి పడవ పోగొట్టుకున్నారు. వెంటనే రెండోదీ పోయింది. మూడో పడవ తిప్పుతూ, తెరమీంచి చూపు మరల్చకుండానే అన్నారు.

"మావాడికి ముందు నాకు ఇద్దరు పోయారే."

నాకు తెలియదు. మావారికీ తెలియదని తరవాత తెలిసింది.

"ఒకడు పుట్టిన మూడోనాడు. రెండోది ఆడపిల్ల, నీకు లాగే. దాన్ని నాకు చూపించనే లేదు. చూడొద్దన్నారు. నేనే దొంగతనంగా చూశాను. నల్లటి జుట్టు, ఇంత." కుడిచెయ్యి కర్రని వదలకుండానే ఎడమచేత్తో చూపించారు. "నువ్వు చూశావుటే?"

"చూశానండీ," అన్నాను.

"ఎలా ఉంది?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. డాక్టరు అడగలేదు, మావారికి అడిగే ధైర్యం లేకపోయింది. నేనూ తెరవైపే చూస్తూ చెప్పాను. ముక్కు అచ్చం మీ ముక్కే అన్నాను. పడవ అప్పటికి చాలా దూరం పోయింది. అలా మొదలై, ఆ చలికాలమంతా మేమిద్దరం ఎన్ని మాటలు చెప్పుకున్నామో లెక్కలేదు. ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఒక్కటీ చెప్పుకునేవాళ్ళం కాదేమో. ఇద్దరి కళ్ళూ తెరమీదే ఉండటం వల్ల నోటికి అడ్డు లేకపోయింది.

ఈలోగా ఆవిడ ఆటలో మావారిని మించిపోయారు. ఆ క్యాసెట్టుతో వచ్చిన చిన్న పుస్తకంలో, ఫలానా స్కోరు దాటినవాళ్ళు టీవీ తెరని ఫోటో తీసి పంపితే కంపెనీవారు గుడ్డమీద కుట్టిన ఒక బ్యాడ్జి బహుమతిగా పంపిస్తారని రాసి ఉంది. మావారు ఉత్సాహంగా కెమెరాలో కొత్త రీలు వేసి, ఫ్లాష్ వేస్తే తెర తెల్లగా పడుతుంది, దీపాలార్పి నేనే తీయాలి, మీరెవరూ ముట్టుకోకండి అని చెప్పి టీవీ మీద పెట్టి వెళ్ళేవారు.

సంక్రాంతి దాటిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం, బయట గాలి, మంచు జోరుగా ఉన్నాయి. ఆవిడ ఆడుతున్నారు. చతురస్రాలు వానలా జారుతున్నాయి, ఆవిడ మణికట్టు మాత్రం పెరుగు చిలుకుతున్నంత నిదానంగా కదులుతోంది. పొయ్యిమీద పప్పు మాడిన వాసన వస్తోంది, నేను లేవలేదు. ఫోన్ మోగింది, తీయలేదు. అంకెలు పెరిగి పెరిగి పుస్తకంలో చెప్పిన స్కోరు దాటేశాయి. అంతలో, మేమెన్నడూ చూడనిది జరిగింది. అన్నాళ్ళూ నల్లగా ఉన్న తెర మొత్తం ఒక్కసారిగా రంగు మారి, తెల్లవారుజామున నది మీద పరుచుకునే కెంపు రంగులోకి వచ్చేసింది. ఆ వెలుగు గోడల మీద, ఆవిడ తెల్లచీర మీద పడి గది గదంతా ఎర్రబడింది.

"తెల్లారిందే!" అన్నారు అత్తగారు.

ఆ చిన్న డబ్బాలో ఇన్నాళ్ళూ ఒక సూర్యోదయం దాగి ఉందన్నమాట! అక్కడిదాకా వెళ్ళినవాళ్ళకే కనపడేలా ఎవరో దాన్ని అందులో దాచిపెట్టారన్నమాట! ఆ కెంపు నీళ్ళమీద పడవ ఇంకా కాసేపు సాగి, ఆఖరికి ఒక దుంగకి తగిలి ఆగిపోయింది. అంకె తెరమీద నిలబడిపోయింది. అబ్బాయి వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు ఆవిడ. స్విచ్చి ఆపితే స్కోరు పోతుంది, ఆ పెట్టెకి జ్ఞాపకముండదు. ఇద్దరం కాఫీ గ్లాసులు పట్టుకుని దీపానికి కాపలా కాసినట్టు కూర్చున్నాం. మంచువల్ల మావారి రాక ఆలస్యమైంది. ఆయన కారు ఇంకా దారిలో ఉండగానే, ఫర్నేస్ మోత టక్కున ఆగింది. కరెంటు పోయింది. తెరమీద వెలుగంతా ముడుచుకుని నడిమధ్యన ఒక తెల్లటి చుక్కయి, ఆ చుక్కా ఆరిపోయింది.

నేను బావురుమన్నాను. ఒక ఆట స్కోరు కోసం ఏడ్చిన ఏడుపు కాదది. ఆసుపత్రి నుంచి వచ్చాక నాకు ఒక్కసారీ గొంతు విప్పి ఏడవడం చేతకాలేదు. అత్తగారు నన్ను ఒళ్ళోకి లాక్కుని, స్వెట్టరు అంచుతో ముఖం తుడుస్తూ, "పోతే పోయిందిలే. నువ్వు చూశావుగా. ఇద్దరం చూశాం. లేకుండా పోదే," అన్నారు.

మావారు వచ్చేసరికి కొవ్వొత్తి వెలుగులో కూర్చుని ఉన్నాం. సంగతి విని, నిజంగానా అమ్మా, తెర ఎర్రబడిందా, ఆ ఆటలో అలాంటిదేమీ ఉండదే అని నవ్వారు. "నిజం, నేను చూశాను," అన్నాను. నా గొంతులో ఏముందో గాని ఆయన మళ్ళీ నవ్వలేదు. ఆ తరవాత అత్తగారు ఎన్నిసార్లు ఆడినా అక్కడిదాకా వెళ్ళలేదు. దానికి చింతా పడలేదు. వసంతంలో వెళ్ళిపోయారు. మరుసటేడు మా అమ్మాయి పుట్టినప్పుడు మళ్ళీ వచ్చి, ఆ ఉగ్గుగిన్నెతోనే దానికి పాలు పట్టారు. ఆ గేమ్ పెట్టెనీ, క్యాసెట్టునీ కొన్నాళ్ళకి పక్కింటివాళ్ళకి ఇచ్చేశాం. మనది కనక ఇచ్చేయగలిగాం. వాళ్ళు ఇంకెవరికిచ్చారో.

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో తెర ఉంది. వాటిలో సముద్రాలు పొంగుతాయి, అడవుల మీద వాన పడుతుంది, ఆకు మీది నీటిబొట్టు కూడా మెరుస్తుంది. మనం అనుకోవడానికంటూ ఏమీ మిగల్చరు. ఎవరు ఎక్కడిదాకా వెళ్ళారో అవి చచ్చినా మరిచిపోవు, లోకమంతటికీ చాటుతాయి. రోజూ ఎన్నెన్ని సూర్యోదయాలు ఆ తెరల మీద అవుతున్నాయో నాకు తెలియదు. ఎవరి చెవుల్లో వాళ్ళు ఆ ఇయర్‌ఫోన్ తీగలు పెట్టుకుని చూసుకుంటారు. "ఒక్కసారి ఇలా వచ్చి చూడు" అని ఒకరినొకరు పిలుచుకోవడం మాత్రం మా ఇంట్లో విని చాలా కాలమైంది.