నీలం నేల

పల్టీ కొట్టేటప్పుడు కళ్ళు మూసుకుంటారనుకుంటారు చాలామంది. మూసుకుంటే మెడ విరుగుతుంది! గాలిలో గిర్రున తిరిగే మనిషికి దారి చూపించేవి కళ్ళే. ఈ సంగతి నాకు మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు నేర్పారు.

మాది అమలాపురం పక్క పల్లె. ఆ బళ్ళో జిమ్నాస్టిక్స్ పరుపులెక్కడివి? మాస్టారే గోనెసంచుల్లో కొబ్బరి పీచు కూరి కుట్టించి, గ్రౌండులో పరిపించారు. ఎనిమిదో తరగతిలో నన్ను వాటి మీద నిలబెట్టి, వెనక్కి పల్టీ మొదలుపెట్టించారు.

"అమ్మడూ, ఒంటి సంగతి తర్వాత. ముందు కళ్ళు. పైకి లేచేక ఏం కనపడుతుంది?"

"ఆకాశవండి."

"తర్వాత?"

"కొబ్బరిచెట్లండి. తలకిందులుగా."

"ఆ తర్వాత గోనె కనపడాలి. కనపడగానే ముడుచుకున్న మోకాళ్ళు విప్పెయ్యి. ముందే విప్పేవా, ముక్కు పగులుతుంది. ఆలస్యం చేసేవా, వీపు పగులుతుంది."

"ఆయ్" అన్నాను.

నీలం, పచ్చ, గోధుమరంగు. రోజూ అవే వరసగా వచ్చి పోయేవి. గోధుమరంగు కంట పడగానే నా కాళ్ళు వాటంతటవే విచ్చుకునేవి. కొన్నాళ్ళకి నేను ఆలోచించడం కూడా మానేశాను.

నాకసలే నోరెక్కువ. కాకినాడ సెలెక్షన్స్‌లో నెగ్గి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు తెచ్చుకుంటానని ఊరంతా చెప్పుకున్నాను. గొప్పకి చెప్పిన మాట కాదది. నాకా సీటు తప్ప లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

సెలెక్షన్స్ పెద్ద ఇండోర్ హాల్లో జరిగాయి. పైన తెల్లటి రేకులు, లైట్లు. కింద నీలం పరుపు. అబ్బ, ఎంత మెత్తగా ఉందో! చూసి మురిసిపోయాను. పేరు పిలిచారు. లేచాను. తెలుపు, ఏదో గోడ, ఆ తర్వాత నీలం. మోకాళ్ళు విప్పలేదు. ధబ్బున వీపు మీద పడ్డాను. రెండో అవకాశమిచ్చారు. మళ్ళీ అలాగే పడ్డాను. దెబ్బ తగల్లేదు గానీ పరువు పోయింది, సీటూ పోయింది.

తిరుగు బస్సెక్కాం. రామచంద్రపురం దాటాక మాస్టారు, "జనాన్ని చూసి బెదిరిపోయేవమ్మా" అన్నారు.

"లేదండి మాస్టారండీ, నీలం కనపడిందండి" అన్నాను. నేనన్నదేమిటో ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైందా ఏమిటి!

ఇంటికొస్తే అమ్మ, "ఇంట్లో పులి, వీధిలో పిల్లి! ఈ మాత్రానికి ఊరంతా టముకెందుకే?" అంది. వీధిలో పిల్లలు అదే పట్టుకున్నారు. అందరూ అంటుంటే నేనూ నమ్మేశాను. మళ్ళీ పరుపెక్కలేదు. తర్వాత్తర్వాత స్కూటీ నేర్చుకోమంటే భయమన్నాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూ వస్తే వెళ్ళలేదు. నేను పిరికిదాన్నని నాకు ఖాయంగా తెలుసు కదా! మాస్టారు కూడా పల్టీలు మానేసి ఖోఖోకి మళ్ళిపోయారు. ఆ గోనెపరుపుల్ని ఎలకలు కొట్టేశాయి. ఆయన కిందటేడు పోయారు.

మొన్న వేసవిలో మా అమ్మాయిని పోటీలకి అదే హాలుకి తీసుకెళ్ళాను. బళ్ళో దానికి గ్రౌండులో ఎర్ర పరుపుల మీద అలవాటు. ఇక్కడ ఇప్పటికీ నీలమే. ప్రాక్టీసులో మొదటి పల్టీకే వీపు మీద పడింది.

"చాల్లే, పద ఇంటికి" అని లేచాను.

అక్కడి కోచ్ నాకన్నా బాగా చిన్నది. నవ్వేసింది. "కూర్చోండి ఆంటీ. కళ్ళకి చోటు కొత్త కదండీ. బయట నేర్చుకున్న పిల్లలకి నీలం అంటే ఆకాశమేనండి. ఇంకా పైనే ఉన్నామనుకుని మోకాళ్ళు విప్పరు. నాలుగు పల్టీలు కొడితే అలవాటైపోతుందండి."

"అంతేనా అమ్మా?"

"ఆయ్, అంతేనండి."

కాసేపట్లోనే మా అమ్మాయి రెండు కాళ్ళ మీద నిలబడింది. నా కళ్ళమ్మట నీళ్ళు చూసి సంతోషమనుకుంది పాపం. సంతోషం కాదు, ఉక్రోషం. ఎవరి మీద చూపించాలో తెలియని ఉక్రోషం. ఇన్నేళ్ళూ నాకు లేని పిరికితనాన్ని మోసుకు తిరిగాను.

నా సెలెక్షన్స్ నాడు మాస్టారూ నేనూ హాలుకి పొద్దున్నే చేరుకున్నాం. తలుపులు తెరిచే ఉన్నాయి. మిగతా ఊళ్ళ పిల్లలు లోపల పల్టీలు కొడుతున్నారు. నేనూ వెళ్తానన్నాను. "ఇప్పుడే అలిసిపోతావమ్మా, సత్తువ దాచుకో" అని మాస్టారు నన్ను బయట మెట్ల మీద కూర్చోబెట్టి, ఆయన వాటా ఇడ్లీలు కూడా నాకే పెట్టేశారు.